గేరుబాక్సూ, ధర్మసూక్ష్మమూ

ధర్మసూక్ష్మం అనే మాట వినగానే మనకు కురుసభయో, శరశయ్యపై నున్న భీష్ముడో స్ఫురించడం సహజం. అంతటి మాటను తీసికొనిపోయి నూనె మరకల షెడ్డులో, గోనెపట్టా మీద విప్పిపెట్టిన లారీ గేరుబాక్సు ప్రక్కన నిలబెట్టడం కొందరికి హాస్యాస్పదంగా తోచవచ్చును. కాని ధర్మసందేహాలు రాజసభలకే పరిమితమైనవని ఏ శాస్త్రకారుడూ చెప్పి ఉండలేదు. రెండు దారులూ తెరచి ఉండి, రెండింటికీ ఖర్చు ఉండి, ఆ ఖర్చు ఒకరిదీ దాని ఫలం మరొకరిదీ అయినచోట ధర్మసందేహం పుడుతుంది. పాత డీజిలు లారీలో మూడవ గేరు నిలవకుండా జారిపోతున్నప్పుడు "బాగుచేయించడమా, మార్పించడమా?" అని యజమాని మేస్త్రీని అడిగే ప్రశ్న అచ్చంగా అటువంటిది.

బెంగళూరు తెలుగువారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. సిటీ మార్కెట్టు నుండి కలాసిపాళ్యం వైపు నడచినవారికి లారీ ఆఫీసుల బోర్డులు కనబడతాయి. మనం జె.సి. రోడ్డని పిలిచే జయచామరాజేంద్ర రోడ్డు మీద మోటారు విడిభాగాల దుకాణాలు వరుసగా ఉన్నవి. శివాజీనగరం సందులలో పాత సామాను, అనగా ఇక్కడివారు గుజరి అనేది, గుట్టలుగా పడి ఉంటుంది. మదనపల్లె టమాటాలు తెచ్చే బండీ, అనంతపురం వైపునుండి వచ్చే బండీ ఏదో ఒకనాడు ఈ వీధులలో ఆగక తప్పదు. షెడ్డులో యజమాని తన బాధ తెలుగులో చెప్పుకుంటాడు, మేస్త్రీ దక్కనీ ఉర్దూలో విసుక్కుంటాడు, కుర్రవాడు కన్నడంలో బదులిస్తాడు. స్పానరు మాత్రం అందరి భాషలోనూ స్పానరే. ఇక మన కుటుంబాలలో పెద్దలు అనేకులు 1940లో వెలసిన విమాన కర్మాగారంలోనో, 1948 నాటి టెలిఫోను కర్మాగారంలోనో, 1953లో ఏర్పడిన హెచ్.ఎం.టి.లోనో జీతానికి చేరి ఈ ఊరివారైనవారే. లేతు ముందు నిలబడి వెంట్రుకవాసి తేడాకు తయారైన వస్తువును ప్రక్కకు తోసివేసిన అనుభవం వారికి ఉన్నది. కనుక ఇనుమును గూర్చి మాటాడితే మన ఇండ్లలో ఎవరూ ముఖం త్రిప్పుకొనరని నా నమ్మకం.

మన దేశపు డీజిలు లారీ చరిత్ర పెద్దదేమీ కాదు. జంషెడ్‌పూరులోని టెల్కో సంస్థ జర్మనీ దేశపు డైమ్లర్-బెంజి వారి సహకారంతో 1954లో లారీలు ఆరంభించినది. ఆ ఒప్పందం 1969లో ముగిసినది. మదరాసు దగ్గర ఎన్నూరులోని అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయినది. ఆనాటి బండ్లు నేడు రోడ్డు మీద కనబడడం అరుదు. నేడు పాత లారీ అంటే పదిహేను, ఇరవై ఏండ్ల క్రిందటి టాటాయో, లేలాండో. అయితే గేరుబాక్సు లోపలి తత్త్వం పెద్దగా మారలేదు.

డీజిలు ఇంజనుకు బలం ఉన్నది గాని, అది చక్కగా పనిచేసే వేగపు పరిధి చిన్నది. నిలిచిన బండిని కదిలించడానికి ఒక నిష్పత్తి, ఘాటు ఎక్కడానికి ఒకటి, చదును నేల మీద పరుగుకు ఒకటి కావలసి వస్తుంది. అందుకై ఇంజను నుండి క్లచ్ ద్వారా వచ్చే షాఫ్టు ఒకటి, దానితోపాటు తిరిగే లే షాఫ్టు ఒకటి, వెనుక చక్రాలకు శక్తిని పంపే మెయిన్ షాఫ్టు ఒకటి, వాటిమీద జతజతలుగా పళ్లచక్రాలు ఉంటాయి. పందొమ్మిదవ శతాబ్దం చివర ఫ్రాన్సులో పానార్, లెవాసోర్ అనే ఇద్దరు ఈ చక్రాలను ప్రక్కకు జరిపి ఒకదానితో ఒకటి కలిపే పద్ధతిని మోటారు బండ్లలో ప్రవేశపెట్టారు. కలిసేటప్పుడల్లా పళ్లు గీరుకొనేవి. 1928లో అమెరికాలో కాడిలాక్ కారులో సింక్రోమెష్ వచ్చినది. అందులో ఒక ఇత్తడి రింగు ముందుగా ఒరసికొని, రెండు వేగాలనూ సమం చేసి, ఆ తరువాతనే పళ్లను కలవనిస్తుంది. పెండ్లికి ముందు జాతకాలు సరిచూచే పురోహితుని వంటిదనుకోండి. అది లేని లారీలను నడిపిన పాతకాలపు డ్రైవరు క్లచ్చును రెండుమార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితోనే కొలుచుకొని గేరు వేసేవాడు.

మేస్త్రీ కూడా ముందు చెవినే నమ్ముకుంటాడు. బండి నిలిచి, ఇంజను తిరుగుతూ, గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గుర్రుమని మోత వచ్చి, క్లచ్ తొక్కగానే అది అణగిపోతే, దోషం ముందు షాఫ్టు బేరింగులోనో లే షాఫ్టు బేరింగులోనో ఉన్నదన్నమాట. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే మోత వస్తే అది గేరుబాక్సు నేరమే కాదు, క్లచ్ బేరింగుది. శక్తి నేరుగా పోయే టాపు గేరులో నిశ్శబ్దంగా ఉండి, తక్కిన గేర్లన్నిటిలో అరిస్తే లే షాఫ్టును శంకించాలి. ఏలయనగా టాపులో అది తిరుగుతుందే గాని బరువు మోయదు. అడుగున నూనె బిరడాకు అయస్కాంతం ఉన్న బండ్లలో దానిని విప్పి చూడవచ్చును. బూడిదవంటి మెత్తని పొడి అంటుకొని ఉంటే అది వయస్సు. చిన్న చిన్న పెచ్చులు ఉంటే అది జబ్బు. ఇక గేరు జారడానికి కారణం ప్రతిసారీ పన్ను అరగడమే కానక్కరలేదు. గేరును దాని స్థానంలో పట్టి ఉంచే ఒక చిన్న స్ప్రింగు, దానితోడి ఉక్కు గోలీ సత్తువ కోల్పోయినా గేరు జారుతుంది. చక్రాన్ని జరిపే ఫోర్కు అరిగినా జారుతుంది. ఆ స్ప్రింగు ఖరీదు అత్యల్పం. దానితో పోయేదానికి గేరుబాక్సంతా మార్చాలని చెప్పే మేస్త్రీ, తలనొప్పికి తల తీయమనే వైద్యుడు ఒక కోవకు చెందినవారు.

కాని దీనికి రెండవ వైపు ఉన్నది. గేరు పళ్లు తయారుచేసేటప్పుడు ఉక్కు పైపొరలోనికి బొగ్గు సారాన్ని ఎక్కించి, కాల్చి, చల్లార్చి, సుమారు ఒక మిల్లీమీటరు మందాన ఆ పైపొరను మాత్రమే గట్టిపరుస్తారు. లోపలి భాగం కొంత మెత్తగా, తట్టుకొనే గుణంతో ఉంటుంది. అంతా గట్టిదైతే దెబ్బకు పెళుసుగా విరుగును. అంతా మెత్తనిదైతే నెలలలో అరుగును. ఆ పైపొర ఒకసారి అరిగి లేచిపోయిన పిమ్మట క్షయం మెల్లగా సాగదు, పరుగెత్తుతుంది. విరిగిన పన్నుకు వెల్డింగు పెట్టి, గ్రైండరుతో ఆకారం దిద్ది అమర్చడం కొన్ని షెడ్లలో కలదు. చూపునకు అది పన్నే. కాని వెల్డింగు వేడికి చుట్టుప్రక్కల కాఠిన్యం చెడిపోతుంది. పెట్టిన లోహం మొదటి లోహంతో సరితూగదు. ఆ పన్ను కొన్నాళ్లు పనిచేస్తుంది. ఎన్నాళ్లన్నది చెప్పగలవాడు లేడు. నా దృష్టిలో మరమ్మతు అనే గౌరవమైన పేరుకు ఇది అర్హం కాదు.

మరొక విషయం మేస్త్రీలందరికీ తెలిసినదే. చాలకాలం కలిసి తిరిగిన రెండు చక్రాలు ఒకదాని అరుగుదలకు ఒకటి సర్దుకొని ఉంటాయి. వాటిలో ఒకదానిని తీసివేసి కొత్తది వేస్తే, ఆ కొత్తది పాతదానితో పొసగక అరుస్తుంది. చివరకు తానూ చెడి దానినీ చెడగొడుతుంది. అందుచేత జోడు మార్చాలంటారు. ఉమ్మడి కుటుంబాలలో పెరిగిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇంతకూ గేరుబాక్సు మార్చిన లారీ పాత లారీయేనా? తత్త్వవేత్తలకు ఈ ప్రశ్న మహా ప్రీతి. ప్లూటార్కు చెప్పిన థీసియసు నావలో పలకలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చినవి. పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల దార్శనికుడు హాబ్సు, తీసివేసిన పలకలన్నీ ఏరి మరొక నావ కడితే ఏది అసలైనదని చిక్కు పెట్టాడు. మన దేశంలో అంతకు ఎంతో ముందే, యవనరాజు మిళిందుడు నాగసేనుడనే భిక్షువును కలిసికొన్నప్పుడు మాట రథం మీదికే పోయినది. చక్రం రథమా? ఇరుసు రథమా? కాడి రథమా? ఏదీ కాదు, అన్నిటి కూర్పునకు లోకవ్యవహారంలో రథమని పేరు, అంతే అన్నాడు భిక్షువు. మన నైయాయికులు దీనికి ఒప్పుకొనలేదు. అవయవాలకంటె అవయవి వేరని వారి మతం. అయితే వారి లెక్క ప్రకారం ఒక అవయవం తొలగగానే పాత అవయవి నశించి కొత్త అవయవి పుట్టవలెను, అట్లయితే జె.సి. రోడ్డు పొడవునా రోజుకు ఎన్ని లారీలు చచ్చి పుడుతున్నవో చిత్రగుప్తుడు కూడా వ్రాసికొనలేడు.

ప్రభుత్వం వారు ఈ తగవును సులువుగా తెంచివేశారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇచ్చే ఆర్.సి.లో ఛాసిసు సంఖ్య, ఇంజను సంఖ్య ఉంటాయి. ఇంజను మారిస్తే అధికారులకు తెలిపి నమోదు చేయించుకోవాలి. గేరుబాక్సు మీద కూడా తయారీదారు సంఖ్య చెక్కి ఉన్నా, ఆ పత్రంలో దానికొక గడి లేదు. చట్టం దృష్టిలో లారీకి ఎముకల గూడూ గుండే ఉన్నవి, గేరుబాక్సు అనామకం. రాత్రికి రాత్రి అది మారిపోయినా లారీ లారీయే. కాబట్టి ఈ విషయంలో సర్కారు కన్ను ఉండదు, మనిషి మాటే మిగులుతుంది.

నా మట్టుకు నాకు రథం ప్రశ్నకంటె మన ఆలయశాస్త్రాల ప్రశ్న ఇక్కడ ఎక్కువ అక్కరకు వచ్చేదిగా తోస్తుంది. ఆగమాలలో జీర్ణోద్ధరణ అనే ప్రకరణం ఉన్నది. విగ్రహానికి భంగం కలిగినప్పుడు ఏమి చేయాలి? ప్రధానమైన అంగం భగ్నమైతే ఆ బింబాన్ని విడిచి కొత్తది ప్రతిష్ఠించాలనీ, చిన్న ఉపాంగానికి దెబ్బ తగిలితే సరిచేసి అర్చన సాగించవచ్చుననీ సామాన్యంగా చెప్పే నియమం. అక్కడ ఖరీదు లెక్కలోనికి రాలేదు, పాతదానిమీది మమకారమూ రాలేదు. ఏ భాగం చెడినదన్నదే విచారణ. పూరీలో జగన్నాథుని దారుమూర్తులను కొన్నేండ్లకొకసారి, ఇటీవల 1996లోనూ 2015లోనూ, పూర్తిగా మార్చి నవకళేబర ఉత్సవం జరిపారు; పాతమూర్తులను కూడా గౌరవంగా భూస్థాపితం చేస్తారు. మార్చడమే అపచారమని గాని, నిలుపుకోవడమే భక్తి అని గాని మన పూర్వులు అనుకొనలేదన్నది దీనివల్ల స్పష్టం.

ఈ కొలతను లారీకి అన్వయిస్తే కొంత దారి కనబడుతుంది. నూనె సీలు, బేరింగు, సింక్రో రింగు, స్ప్రింగు, ఫోర్కు ఇవి ఉపాంగాలు. కాలం తీరగానే మార్చుకోవడానికే అవి ఏర్పడినవి. షాఫ్టులు నిటారుగా ఉండి, బేరింగులు కూర్చొనే గుంతలు సాగిపోకుండా, పెట్టె పగులు లేకుండా ఉంటే ఆ గేరుబాక్సు ఇంకా బ్రతికి ఉన్నట్లే. దానిని బాగుచేయడమే తెలివి. ఆ పెట్టెయే పగిలినా, బేరింగు గుంతలు వదులై షాఫ్టుల నడిమి దూరం తప్పినా, ఎన్ని కొత్త చక్రాలు వేసినా పళ్లు సరిగా కలవవు. అప్పుడు మరొక గేరుబాక్సు తేక తప్పదు. తెచ్చేది కొత్తదా, ఎవరో రీకండిషన్ చేసినదా, గుజరీలో ఏ ప్రమాదపు బండినుండి ఊడదీసినదో తెలియని దానినా అన్నది మళ్లీ డబ్బు మాట. నూరు కిలోలకు పైబడిన ఆ పెట్టెను దించి ఎక్కించే కూలి మాత్రం దేనికైనా ఒకటే. అందుకే మంచి మేస్త్రీ, దించినప్పుడే క్లచ్ ప్లేటూ క్లచ్ బేరింగూ చూసికొమ్మని చెబుతాడు. ఆ మాట లాభం కోసం అన్నాడో, మేలు కోరి అన్నాడో పాత ప్లేటును చేతికిచ్చి చూపినప్పుడు తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ నిర్ణయం చేసేది యజమాని. డబ్బు ఇచ్చేది యజమాని. ఆ లారీని రాత్రి రెండు గంటలకు పలమనేరు దాటి మొగిలి ఘాటులో దింపేది డ్రైవరు. పల్లంలో బరువు బండిని బ్రేకుల మీదనే నిలపరాదన్నది డ్రైవరు నేర్చుకొనే తొలి పాఠాలలో ఒకటి. ఎడతెగక తొక్కిన బ్రేకులు కాగి పట్టు వదులుతాయి. చిన్న గేరులో ఉంచి ఇంజను పట్టుతోనే బండిని ఆపుతూ దిగాలి. అటువంటి చోట గేరు తనంతట జారి న్యూట్రల్‌లో పడితే ఏమగును? బండి ఒక్కసారిగా విడివడుతుంది. మళ్లీ ఆ గేరు పడాలంటే ఇంజను వేగం చక్రాల వేగంతో కలవాలి; దిగుతున్న బండి వేగం క్షణక్షణమూ పెరుగుతూ ఉంటుంది. ఎదుట రావచ్చిన బస్సులోని వారికి ఈ షెడ్డుతో గాని, ఈ బేరంతో గాని ఏ సంబంధమూ లేదు.

కనుక పొదుపు అనే గుణం ఇక్కడ కాస్త నిదానించి చూడదగినది. తన నష్టాన్ని తానే భరించేవాడు చేసే పొదుపు పుణ్యమే. పాత చెప్పుకు అతుకు వేయించుకొని నడచినవాని కాలికే ముల్లు గుచ్చుకుంటుంది. కాని వెల్డింగు పన్నుతో మిగిలిన సొమ్ము యజమాని జేబులోనూ, ఆ పన్ను మోసే అపాయం డ్రైవరు, క్లీనరుల ప్రాణం మీదా ఉన్నప్పుడు దానిని పొదుపు అనరాదు. అది అడగకుండా తీసికొన్న అప్పు. డ్రైవరుకు తెలిపితే సరిపోతుందా అని అడుగవచ్చును. తెలిపినా, నెల జీతం మీద బ్రతికేవాడు "ఈ బండి నేను నడపను" అనగలడా? అనలేనివాని మౌనాన్ని సమ్మతిగా లెక్కించడం మన వ్యాపారాలలో చాలకాలంగా ఉన్న దురాచారం.

యజమానులందరూ ధనికులు కారన్నది కూడా సత్యమే, దానిని తేలికగా తీసివేయకూడదు. ఒకే లారీ ఉండి, దాని స్టీరింగు ముందు తానే కూర్చొనే యజమానులు మన జిల్లాలనుండి వచ్చినవారిలో ఎందరో ఉన్నారు. కిరాయి దొరికిన నెల వాయిదా కట్టి, దొరకని నెల ఇంటిది తాకట్టు పెట్టేవారికి కొత్త గేరుబాక్సు ధర విన్నప్పుడు కలిగే గుండెదడ షెడ్డు బయట నిలబడి నీతులు చెప్పేవారికి తెలియదు. ఎనిమిదేండ్లు దాటిన బరువు బండికి ఏటేటా ఎఫ్.సి. చేయించాలి. పదిహేనేండ్లు దాటినదానికి ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి బాగా పెరిగినది. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వం పాత వాహనాలను తుక్కు చేసే విధానాన్ని ఆరంభించినది. 2020 ఏప్రిల్ నుండి అమ్మే కొత్త బండ్లకు బి.ఎస్. 6 ప్రమాణం తప్పనిసరి అయినది. ఇవన్నీ ఊరి గాలికి మేలు చేసేవే. పాత డీజిలు పొగను ఈ ఊరి పసిపిల్లల ఊపిరితిత్తులు కూడా మోస్తున్నవన్న మాట కాదనలేం. గేరుబాక్సు బాగుచేసి ఒక ముసలి ఇంజనుకు మరి అయిదేండ్లు ఆయువు పోయడంలో ఆ పొగకూ ఆయువు పోస్తున్నాము. అయితే ఒక లారీ తయారు కావడానికి కరగించవలసిన ఉక్కు, కాల్చవలసిన బొగ్గు కూడా గాలిలోనికే పోతాయి. ఈ రెండు తట్టలలో ఏది మొగ్గుతుందన్నది బండి ఎంత పొగ చిమ్ముతున్నది, ఏడాదికి ఎంత తిరుగుతున్నది అన్న దానిపై ఆధారపడుతుంది గాని, కొత్తదంతా మంచిదనే నమ్మకంపై కాదు. నగరంలో రోజంతా తిరిగే బండినీ, పంటకాలంలో పల్లెనుండి సంతకు పోయి వచ్చే బండినీ ఒకే తీర్పుతో కొట్టివేయడం నాకు న్యాయంగా తోచదు.

పేద యజమాని విషయంలో నాకు తోచినది ఇంత మాత్రమే: అతడు కొత్తది కొనలేకపోవడం దోషం కాదు. చేయగలిగిన మరమ్మతులలో నిజమైనదానిని ఎన్నుకోవడం, జోడు మార్చడానికి సొమ్ము చాలనప్పుడు వెల్డింగుకు ఒప్పుకొనక బండిని పది రోజులు నిలుపుకోవడం, అదీ కుదరకపోతే ఘాటు కిరాయిలు వదలుకోవడం అతని చేతిలో ఉన్న పనులు. కష్టమే. కాని స్టీరింగు ముందు కూర్చొనేది తానే అయినప్పుడు చాలమంది ఇంత జాగ్రత్తా చెప్పకుండానే పడతారు గదా!

ఇక మేస్త్రీ. యజమానికి తెలియనిది అతనికి తెలుసును. అందులోనే అతని అధికారం, అతని భారం కూడా ఉన్నవి. మూత బిగించి, జిగురు పూసి, బోల్టులు ఎక్కించిన తరువాత లోపల ఏమి వేసినదీ మరొకరికి కనబడదు. వెనుక ఇరుసుకు పోసే ఘాటైన నూనెనే ఇందులో పోసినా, ఇత్తడి రింగులు తినివేయబడడం నెలల తరువాత గాని బయటపడదు. వంటయింటిలో చేసిన తప్పు ఆ పూటకే నాలుకకు తెలుస్తుంది. గేరుబాక్సులో చేసిన తప్పు ఏ నూరు మైళ్ల అవతలనో, ఎవరి చేతిలోనో తెలుస్తుంది. ఇంత చాటు ఉన్న వృత్తిలో సత్యం పలకడం, అందరూ చూస్తుండగా సత్యం పలకడం కంటె గొప్పది. "వెల్డింగు నేను చేయను, కావాలంటే ప్రక్క షెడ్డుకు పో" అని వచ్చిన బేరాన్ని వదలుకొనే మేస్త్రీలు ఈ ఊరిలో ఉన్నారు. వారి పేర్లు ఏ సన్మానపత్రంలోనూ ఎక్కవు.

అమ్మకం వేళ ఈ సత్యానికి మరొక పరీక్ష వస్తుంది. మోత వినబడకుండా చిక్కని నూనె పోసి, కొనేవాడు చదును రోడ్డుపై నడిపి చూచేవరకు మాత్రం గేరు నిలిచేటట్లు చేసి బండిని అంటగట్టే నేర్పరులు అన్ని ఊళ్లలో ఉంటారు. అడిగినదానికి అబద్ధం చెప్పలేదు గదా అని వారి సమాధానం. అడగడానికి కూడా కొంత తెలిసి ఉండాలి. తెలియనివానికి ఆ తెలివిని అమ్మేవాడే అప్పు ఇవ్వవలసి ఉంటుంది. మన పల్లెలలో పశువుల సంతలో ఎద్దు నోరు తెరచి పళ్లు లెక్కపెట్టనిచ్చేవారు. గేరుబాక్సు పళ్లు లెక్కపెట్టాలంటే ఒక దినమంతా పడుతుంది. అందుకే అక్కడ అమ్మేవాని నోరు తెరచుకోవలసిన అవసరం ఎక్కువ.

మంచి షెడ్లలో ఒక ఆచారం ఉన్నది. పని ముగిసిన తరువాత తీసివేసిన పాత సామానంతా ఒక గోనెసంచిలో వేసి, బిల్లుతోపాటు యజమాని ముందు పెడతారు. అరిగిన జోడు, నీలిరంగు తిరిగిన బేరింగు, సాగిన స్ప్రింగు అతడు చేత పట్టుకొని చూడవచ్చును. చాలమంది చూడరు. సంచి అక్కడనే వదలివేసి వెళ్లిపోతారు. సాయంత్రానికి అది శివాజీనగరం గుజరీకి చేరుతుంది. అక్కడ ఎక్కువ భాగం తూకానికి పోయి కొలిమిలో కరుగుతుంది. పైపొర ఇంకా మెరుస్తున్న చక్రం ఒకటి రెండు మాత్రం దుకాణదారు ఏరి, గుడ్డతో తుడిచి, అరమీద పెడతాడు. అటువంటి జోడీ కోసమే మరొక లారీవాడు మరునాడు ఉదయం ఆ సందులోనికి వస్తాడు.